వెన్న కోసం పుట్టిన ఆచారం

స్పితి లోయలో పల్జొమ్ ఇంట్లో దిగిన యాత్రికుడికి ముందుగా అందేది టీ కాదు, ఆచారాలు. గుమ్మంలో బూట్లు విప్పుతూ ఉండగానే మొదలవుతాయి. పొయ్యిలో చిత్తుకాగితం వెయ్యకూడదు, పొయ్యిదేవతకి కోపమొస్తుంది. కూర్చున్నవాళ్ళ కాళ్ళు దాటి వెళ్ళకూడదు. కాస్త దగ్గితే వాళ్ళే ముడుచుకుంటారు. పూజగది వైపు కాళ్ళు చాపి పడుకోకూడదు. మంత్రాలు చెక్కిన మణి రాళ్ళ గోడని కుడిచేతి వైపు ఉంచుకునే నడవాలి, దగ్గరిదారి కదా అని అవతలి పక్కనుంచి పోతే వచ్చిన పుణ్యం వెనక్కి పోతుంది. ఇక ఒంటి సుఖం సంగతి. వచ్చిన రోజే కొండెక్కి ఫొటోలు దిగాలన్న ఉబలాటం ఉన్నవాళ్ళకి సాయంత్రానికి తల పగిలిపోతుంది, అప్పుడు ఇంటావిణ్ణి తిట్టకూడదు. నీళ్ళు తాగుతూ ఉండాలి, ముసలివాళ్ళలా నడవాలి, స్నానమన్న మాట రెండు రోజులపాటు మర్చిపోవాలి. పల్జొమ్ ఆ మాటని ఇంకా ఎక్కువ కాలమే మర్చిపోగలదు గానీ అది ఆమె సొంత విషయం.

ఇవన్నీ తాతలనాటి నుంచి వస్తున్నవి. వీటి చివర ఆమె ఇంకొకటి కలిపేది.

"మా దగ్గర ఒక్కసారి వద్దంటే వద్దనే. రెండోసారి అడగడం మనిషిని అవమానించడం. కాబట్టి మీరు మొహమాటపడక్కర్లేదు. టీ వద్దనుకుంటే ఒక్కసారి వద్దనండి, చాలు. మేమింక అడగం."

ఈ మాట వినగానే పట్నంవాళ్ళ మొహాలు వెలిగిపోయేవి. ఎంత సంస్కారం, మనకి లేదే ఇంత నాగరికత అని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఆ ఆచారానికి అప్పటికి నిండా ఐదేళ్ళు లేవు. దాని పుట్టిల్లు పల్జొమ్ వంటిల్లే.

అసలు ఆ లోయలో మర్యాద అంటే వద్దనడంతోనే మొదలు. విందుకి పిలిచినవాడు అతిథిని పొయ్యి పక్కన పెద్ద ఆసనం మీద కూర్చోబెట్టాలని లాగుతాడు, అతిథి చెప్పుల పక్కనే కూలబడతానని గింజుకుంటాడు. తెలియనివాడు చూస్తే దొంగని పట్టుకున్నారనుకుంటాడు. టీ పోస్తుంటే గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాలి, పోసేవాళ్ళు ఆ చెయ్యి తోసెయ్యాలి. మూడుసార్లు బతిమాలితే గానీ ఒప్పుకోకూడదు. మొదటిసారే సరేనన్నవాణ్ణి తిండిపోతంటారు, రెండోసారి అడగని ఇంటివాణ్ణి అంతకంటే ఘోరంగా అంటారు. మొహమాటం మీద మన తెలుగులో ఒక సామెత ఉంది. నలుగురిలో చెప్పేది కాదు గానీ, ఆ లోయకి అతికినట్టు సరిపోతుంది. పల్జొమ్ పెళ్ళి కూడా అలాగే కుదిరింది. పెళ్ళివారు చాంగ్ అనే బార్లీ కల్లు కుండ మోసుకుని మూడోసారి వచ్చినప్పుడు ఆమె తండ్రి ఒప్పుకున్నాడు. ఇంకోసారి తిప్పించుకుని ఉంటే బాగుండేదని, కాపురం మొదలయ్యాక తనకి అనిపించిందని ఆమె అనేది. ఆ భర్త పోయి చాలాకాలమైంది కాబట్టి ఆ మాట అనడానికి అడ్డు లేదు.

అంతటి మర్యాదస్తుల ఇంటికి ఒక వేసవిలో ఆరడుగుల విదేశీ అన్నదమ్ములిద్దరు వచ్చారు. ఆ ఇంట్లో గిన్నె ఖాళీగా ఉండటం ఇంటికి చిన్నతనం. నిండు గిన్నె వదిలెయ్యడం అతిథికి చిన్నతనమని వాళ్ళు ఎక్కడో చదువుకొచ్చారు. ఆమె పోస్తుంది, వాళ్ళు తాగుతారు. వాళ్ళు తాగుతారు కాబట్టి ఆమె పోస్తుంది. ఉప్పూ వెన్నా వేసి చిలికిన టీ అది, నీళ్ళు కాదు. ఇరుపక్షాలూ మర్యాదతో చచ్చిపోతున్నాయి, ఆపే దారి ఎవరికీ తెలియదు. వాళ్ళు వెళ్ళేనాటికి చలికాలమంతా రావలసిన వెన్న మేకతోలు సంచిలో అడుగంటింది. ఇంత ఆదరణ ఎక్కడా చూడలేదని అన్నదమ్ములు పోతూ పోతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పల్జొమ్ కూడా పెట్టుకుంది.

ఆ తర్వాత దిగిన అతిథికి కొత్త ఆచారం వినిపించింది. అతను టీ ఒక్కసారి వద్దన్నాడు. ఆమె వెంటనే కెటిల్ పొయ్యి మీదికి తిరిగి చేర్చి, మనసులో దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకుంది.

ఎంగిలి చేత్తో కాకిని తోలదని ఊళ్ళో ఆమెకి పేరు. పేరు అబద్ధం కాదు గానీ, ఆ పిసినారితనానికి ఒక చిరునామా ఉంది. కనుమకి అవతల చోమోల మఠం. చోమోలంటే సన్యాసినులు. అందులో పల్జొమ్ చెల్లెలు దేఛెన్ ఉంటుంది. పెద్దదానికి ఇల్లూ పొలమూ, చిన్నదానికి మఠం అన్నది ఆ లోయ పద్ధతి; ఎవరూ అక్కచెల్లెళ్ళని అడిగి పెట్టిన పద్ధతి కాదు. దేఛెన్ ఎప్పుడో ఒకప్పుడు మూడేళ్ళ ఏకాంత ధ్యానానికి కూర్చుంటుంది. తలుపు మూసేస్తారు, తిండి కిటికీలోంచి అందిస్తారు. లోపల దీపానికీ టీకీ కావలసిన వెన్న పుట్టింటివాళ్ళు ఇవ్వాలి. పుట్టింటివాళ్ళంటే మిగిలింది పల్జొమ్, ఆమె జోమో. జోమో అంటే జడలబర్రెకీ ఆవుకీ పుట్టిన పాడిపశువు. అందుకని యాత్రికుల నోటిముందు వెన్న తీసి, తోలుసంచుల్లో కుట్టి, చల్లటి కొట్టుగదిలో దాస్తూ వచ్చింది. దేవుడి పేర చేస్తే దాన్ని దొంగతనమనరని ఆమె నమ్మకం. చాలామంది పెద్దలకి ఉండే నమ్మకమే.

ఆ ఆచారం ఆమె వంటింట్లోనే పడి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. యాత్రికులు ఊరుకుంటారా? ఫోన్లలో రాశారు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా! మరుసటి వేసవికి పక్కింటి యుద్రొన్ తన ఇంట దిగినవాణ్ణి రెండోసారి టీ తాగమంటే, అతను నొచ్చుకుని, మీ ఆచారం మీకే తెలియదా అన్నాడు. ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊరివాణ్ణే చేసుకుని, ఆ ఊరి దుమ్ములోనే ముసలిదవుతున్న యుద్రొన్‌కి తిక్కరేగింది. నేరుగా పల్జొమ్ వంటింట్లోకి వచ్చింది.

"అచే, ఈ ఆచారం ఏ గ్రంథంలో ఉందో చెప్పు, వెళ్ళి దణ్ణం పెట్టుకొస్తా." అచే అంటే అక్క, కోపం వచ్చినా వరస తప్పకూడదు కదా.

"గ్రంథంలో ఎందుకుంటుంది? మా అమ్మమ్మ చెప్పేది."

"మీ అమ్మమ్మా! మా అమ్మ పెళ్ళిలో ఆవిడ గిన్నె మీద గిన్నె చాంగ్ తాగింది. ఒక్కదానికీ వద్దన్నట్టు ఊళ్ళో ఎవరూ చెప్పలేదు."

"పెద్దవాళ్ళని అనకే, కళ్ళు పోతాయి," అని పల్జొమ్ మాట మార్చేసింది.

ఇలా ఉండగా ఒక శరత్కాలం చివర కలకత్తా నుంచి సుదేష్ణ అనే బడిపంతులమ్మ వచ్చింది. ఒంటరి మనిషి. నవాంగ్ జీపు మాట్లాడుకుని తిరుగుతోంది. నవాంగ్ ఆ ఊరివాడే, పల్జొమ్‌ని అమ్మ వరసలో ఆమా అని పిలుస్తాడు. సుదేష్ణ లాంటి అతిథిని ఆ ఊరు అంతకుముందు చూడలేదు. చెప్పిన ప్రతి ఆచారాన్నీ పాఠంలా అప్పజెప్పుకుని పాటించేది. మణి గోడ చుట్టూ ఆమె తిరిగినన్ని ప్రదక్షిణలు ఊరి పెద్దలు తిరిగి ఎన్నాళ్ళయిందో. ఆమెని చూసి సిగ్గుపడి ఇద్దరు ముసలాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. ఒకసారి అగ్గిపుల్ల పొయ్యిలో పడేసి, పొయ్యికి క్షమాపణ చెప్పుకుంది. టీ ఒక్కసారి వద్దనేది, ఆమెని ఎవరూ రెండోసారి అడిగేవారు కాదు. ఇలాంటి అతిథి దొరకడం పూర్వజన్మ సుకృతమని పల్జొమ్ అనుకుంది.

సుదేష్ణ మర్నాడు బయల్దేరుతుందనగా దుకాణం ఫోనుకి కబురొచ్చింది. పౌర్ణమికి దేఛెన్ తలుపు మూసుకుంటోంది, చూడాలనుకుంటే ముందే రావాలి. కనుమ మీద అప్పటికే మంచు రాలుతోంది. బస్సు ఆపేశారు. అటు వెళ్ళేది నవాంగ్ జీపు ఒక్కటే, అది కూడా సుదేష్ణని అవతల బస్సెక్కించి మర్నాడే తిరిగొచ్చేస్తుంది. ఆ తర్వాత మంచు కరిగేదాకా దారి లేదు. మంచు కరిగాక దారి ఉంటుంది గానీ తలుపు ఉండదు.

పల్జొమ్ చెల్లెల్ని చూసి ఎన్నో ఏళ్ళయింది. పాలు, గడ్డి, అతిథులు, ఏదో ఒకటి అడ్డం పడుతూనే ఉంది. నవాంగ్‌ని పక్కకి లాగింది.

"ఒరే, ఆవిడకి ఒక మాట వెయ్యరా. నేనడగమన్నట్టు ఉండకూడదు."

"జీపు ఆవిడది ఆమా, నాదేం పోయింది. వేస్తాలే."

రాత్రి భోజనం దగ్గర నవాంగ్ ముద్ద నోట్లో పెట్టుకుని, గోడతో మాట్లాడుతున్నట్టు, ఆమా చెల్లెలు మన దారిలోనే ఉంటుంది మేడంజీ అన్నాడు. సంగతంతా విన్న సుదేష్ణ కళ్ళు చెమ్మగిల్లాయి.

"అయ్యో, చెప్పరేం ఆమాజీ! వెనకసీటంతా ఖాళీయే. రేపు మీరూ మాతో రండి."

పల్జొమ్ గుండె ఎగిరి గంతేసింది. నోరు మాత్రం తాతల నాటిది. "అబ్బే, వద్దు వద్దు మేడంజీ. మీకెందుకు శ్రమ? నాదసలే లావు ఒళ్ళు, పైగా పేడ కంపు. వద్దండీ," అంది. అని, మొహం పొయ్యి వైపు తిప్పుకుని రెండో పిలుపు కోసం చూసింది. ఈలోపు మనసులో మూట కట్టేసింది, మంచి శాలువా తీసేసింది, జోమోని యుద్రొన్‌కి ఒప్పగించేసింది.

వెనక నుంచి సుదేష్ణ గొంతు గంభీరంగా వినబడింది. "అలాగే ఆమాజీ. మీ ఆచారం నాకు గుర్తుంది. రెండోసారి అడిగి మిమ్మల్ని అవమానించను."

నవాంగ్‌కి పొలమారింది. దగ్గి దగ్గి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పల్జొమ్ మండుతున్న పొయ్యిలో ఇంకో పిడక కుక్కింది. నోరా వీపుకి చేటు తేకే అన్నారు. ఆమె విషయంలో నోరు రెండుసార్లు తెచ్చింది, ఒకటి అబద్ధమాడి, ఒకటి మర్యాద చేసి.

పోనీ నేరుగా అడగవచ్చు కదా అంటారా? ఆ లోయలో అడగడమా! అక్కడ నిప్పంటుకున్నవాడు కూడా, మీకు పని లేకపోతే కాసిని నీళ్ళు అంటాడు. అందుకని పల్జొమ్ సూచనలు మొదలుపెట్టింది. జీపుల్లో ఈమధ్య సీట్లు మెత్తగా ఉంటున్నాయటగా అంది. అవును ఆమాజీ అంది సుదేష్ణ. చెల్లెలికి నేనంటే ప్రాణం అంది. పాపం అంది సుదేష్ణ. చివరికి తోలుసంచుల్లోని వెన్న సంగతి ఎత్తింది. దాన్ని చెల్లెలికి ఎవరు చేరుస్తారో ఏమో అని నిట్టూర్చింది, సంచుల వెనక మనిషి కూడా వస్తుందన్నది ఆ నిట్టూర్పులో భాగం.

"నేనిస్తాగా! నా చేతులతో ఆమె చేతుల్లో పెడతాను. మీరు నిశ్చింతగా ఉండండి," అంది సుదేష్ణ.

దాంతో వెన్నకి సీటు దొరికింది.

సందడి విని వచ్చిన యుద్రొన్ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. నవ్వు ఆపుకోవడానికి ఆమె చేసిన ప్రయత్నం పెద్దదేమీ కాదు. పల్జొమ్‌ని పశువుల కొట్టంలోకి తీసుకెళ్ళింది.

"ఆవిడ చేసింది తప్పేం లేదు అచే. మీ అమ్మమ్మ చెప్పిన ప్రకారమే చేసింది."

"ఏడిపించకే."

"ఏడిపించను. ఆ ఆచారం ఉత్తిదని నేనే చెప్పనా ఆవిడకి? ఒక్క నిమిషం పని."

"చెప్పావంటే నీ గుమ్మం తొక్కను. రేపటి నుంచి ఊళ్ళో ఎవరైనా నా మాట వింటారా? పల్జొమ్ వెన్న కోసం ఆచారం పుట్టించిందని పిల్లలు కూడా పాటలు కడతారు."

"పరువు మంచిదే. మూడేళ్ళూ దాన్నే ఒళ్ళో పెట్టుకుని కూర్చో, దేఛెన్ అనుకుని." ఆ మాట అని యుద్రొన్ వెళ్ళిపోయింది.

తెల్లారింది. జీపు ఇంటి ముందు గుర్రుమంటోంది. యాత్రికురాలిని సాగనంపడానికి ఊళ్ళో సగంమంది చేరారు, మిగతా సగం కిటికీల్లో ఉన్నారు. వెన్న సంచులు వెనకసీటు మీద దర్జాగా కూర్చున్నాయి. సుదేష్ణ మెడలో పల్జొమ్ తెల్లటి ఖతా కండువా వేసింది. సుదేష్ణ రెండు చేతులూ జోడించి జీపెక్కబోయింది.

"మేడంజీ, టీ," అంది పల్జొమ్. చంకలో ఫ్లాస్కు, చేతిలో గిన్నె.

"వద్దు ఆమాజీ, చాలు."

చేతికున్న అలవాటు కొద్దీ ఫ్లాస్కు వెనక్కి పోబోయింది. పల్జొమ్ దాన్ని బలవంతాన ముందుకి తెచ్చింది. "తాగండి."

సుదేష్ణ తెల్లబోయింది. "వద్దండీ, నిజంగా..."

"ఒక్క గిన్నె. దారిలో చలి. తాగాల్సిందే," అని పోసేసింది. నిండా పోసింది, పైన వెన్న బంగారంలా తేలింది. అంత వెన్న ఆ ఇంటి టీలో సుదేష్ణ ఎన్నడూ చూడలేదు. ఊరివాళ్ళు కూడా చూడలేదు, అందుకే ముందుకి జరిగారు.

సుదేష్ణ ఒక గుక్క తాగి మెల్లిగా అడిగింది. "ఆమాజీ, రెండోసారి అడగడం అవమానం అన్నారు కదా. నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?"

పల్జొమ్ ఊరి వైపు చూసింది. యుద్రొన్ చేతులు కట్టుకుని నిలబడింది.

"తప్పు మీది కాదు. అది అబద్ధం," అంది పల్జొమ్. గొంతు పెద్దదే కాబట్టి చివరి కిటికీ దాకా వినబడింది. "మా అమ్మమ్మా చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. వెన్న ఖర్చవుతోందని నేనే పుట్టించాను. మా దగ్గర ఒకసారి అడిగితే అడిగినట్టు కాదు. మూడుసార్లు అడగాలి. మాకు కావాలని ఉన్నా మొదట వద్దనే అంటాం. సిగ్గులేని నోరు, అదే అంటుంది."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. సుదేష్ణ నవ్వలేదు. ఆమె గిన్నె వైపు చూసింది, వెనకసీటు మీది సంచుల వైపు చూసింది. ఎర్రబడింది. "అయితే రాత్రి మీరు..." అని ఆగి, గిన్నె నవాంగ్ చేతిలో పెట్టి, జీపు వెనక తలుపు తెరిచింది. "ఆమాజీ, ఎక్కండి."

"అబ్బే, వద్దు వద్దు, మీకు ఇరుకవుతుంది," అంది పల్జొమ్.

అని నాలుక కరుచుకుంది. ఆ క్షణంలో ఆమె మొహం చూసినవాళ్ళెవరికైనా ఏడుపొస్తుంది. నవాంగ్ తల స్టీరింగుకి కొట్టుకుంటే హారన్ మోగింది.

సుదేష్ణ బళ్ళో పిల్లలకి రెండోసారి చెప్పినంత ఓపిగ్గా చెప్పింది. "ఎక్కండి ఆమాజీ."

"వద్దండీ, బట్టలు కూడా మంచివి కావు." ఈ మాట అనేసరికి ఆమె కుడికాలు జీపు మెట్టు మీద ఉంది.

"ఎక్కండి."

ఎక్కింది. తలుపు వెయ్యకముందే యుద్రొన్ పరిగెత్తుకొచ్చి ఒక మూట ఒళ్ళో పడేసింది. "రాత్రే నీ గుమ్మం వెనక కట్టి పెట్టుకున్నావుగా, ఇదెవరికి, మీ అమ్మమ్మకా? జోమోని నేను చూసుకుంటాలే. దేఛెన్‌కి నా దణ్ణాలు చెప్పు." పల్జొమ్ ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు, జీపు కదిలితే వదలక తప్పలేదు.

మఠం వంటింట్లో దేఛెన్ అక్కని చూసి అలాగే నిలబడిపోయింది. తర్వాత దగ్గరికొచ్చి నుదుటికి నుదురు ఆనించింది.

"అచే, ముసలిదానివైపోయావే."

"నీకు తలమీద జుట్టు లేదు కాబట్టి నీది తెలియట్లేదు. లేకపోతే నువ్వేం పడుచుదానివా?"

వెన్న సంచులు చూసి దేఛెన్ నోరు తెరిచింది. ఇంత వెన్న ఎక్కడిదంటే, కలకత్తా నుంచి జర్మనీ దాకా అందరిదీ అంది పల్జొమ్. సుదేష్ణ మూలన కూర్చుని టీ తాగుతోంది. ఆమె వద్దన్నా వినకుండా మూడుసార్లు పోశారు. ఇప్పుడామె గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టడం కూడా నేర్చుకుంది, ఆ చెయ్యి తోసేస్తారన్న నమ్మకంతో.

పొద్దు వాలుతుండగా పల్జొమ్ చెల్లెలి పక్కకి జరిగింది. ఇక్కడ ఆమెకి హాస్యం రాలేదు. నాకూ రాదు.

"దేఛెన్, ఈ ఒక్క ఏడూ ఆగరాదూ? నాకు మోకాళ్ళు పోయాయి, చూపు కూడా ఆనట్లేదు. నువ్వు మళ్ళీ తలుపు తీసేసరికి నేనుంటానో లేదో. ఒక్క చలికాలం మనింటికొచ్చి ఉండు. అమ్మ పొయ్యి దగ్గర ఇద్దరం కూర్చుందాం. తర్వాత నీ ఇష్టం."

"వద్దు అచే," అంది దేఛెన్ నవ్వుతూ.

ఆ వంటింట్లో అందరికీ మూడుసార్ల లెక్క తెలుసు. పల్జొమ్ ఊపిరి పీల్చుకుని మళ్ళీ అడిగింది. "వచ్చెయ్యవే. నవాంగ్ రేపే వెనక్కి వెళ్తాడు. జీపులో చోటుంది."

"వద్దు అచే." ఈసారి నవ్వలేదు. అక్క చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"దేఛెన్..."

దేఛెన్ కెటిల్ అందుకుని అక్క గిన్నె అంచుదాకా నింపింది, తల అడ్డంగా ఊపింది. మూలన సుదేష్ణ తన గిన్నె కింద పెట్టేసింది.

నాలుగోసారి అడిగే ఆచారం ఆ లోయలో లేదు. లేదని పల్జొమ్‌కి అందరికంటే బాగా తెలుసు. అయినా అడిగింది.